ఇంటి వాన వీధిన పడొద్దు

గంటసేపు గట్టి వాన కురిస్తే చాలు, హైదరాబాద్ కాలనీల్లో రోడ్లు కాలువలవుతున్నాయి. మ్యాన్‌హోళ్లు పొంగి లోతట్టు బస్తీల ఇళ్లలోకి మురుగు చేరుతోంది. నాలాల కబ్జాలను, పూడిక తీయని యంత్రాంగాన్ని నిలదీయాల్సిందే. అయితే ఆ వరదలో ఒక పాయ మన గేటు కిందనుంచే మొదలవుతోంది. డాబా మీద పడిన నీటినంతా పైపులో దింపి, గచ్చు చేసిన వాకిలి మీదుగా రోడ్డుకు వదిలేస్తున్నాం. కొందరు ఆ పైపును ఏకంగా మురుగు లైనుకే కలిపేస్తున్నారు. ఎగువన ఉన్నవాళ్లు వదిలించుకున్న నీళ్లు దిగువన ఉన్న పేదల బియ్యం డబ్బాలను ముంచుతున్నాయి. ఇంటి మీద కురిసిన వానను వీలైనంత వరకు ఆ ఇంటి మట్టిలోనే ఇంకించే బాధ్యత యజమానిదే.

అందుకు ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. ఇంటి ముందో వెనకో జానెడు లోతున పల్లంగా తవ్విన మడి, అందులో ఇసుక, పశువుల ఎరువు కలిపిన మట్టి, నీటికీ ఎండకూ ఓర్చే మొక్కలు, డాబా నుంచి అక్కడికి ఒక పైపు ఉంటే చాలు. అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రం, ప్రిన్స్ జార్జెస్ కౌంటీలో 1990ల్లో ఒక కొత్త కాలనీలో ఇంటింటా ఇలాంటివి వేశారు. రెయిన్ గార్డెన్ అనే పేరు అక్కడినుంచే వ్యాపించింది.

లెక్క చూడండి. వంద చదరపు మీటర్ల డాబాపై 25 మిల్లీమీటర్ల వాన పడితే 2,500 లీటర్ల నీళ్లు. పదిహేను చదరపు మీటర్ల మడి, 15 సెంటీమీటర్ల లోతుంటే, అందులో రెండువేల లీటర్లకు పైగా నిలుస్తాయి. మిగతాది వాన కురుస్తుండగానే చాలావరకు ఇంకుతుంది. 300 గజాల స్థలంలో ఇందుకు కావలసింది 18 గజాలు. కారు నిలిపే చోటుకంటే కాస్త ఎక్కువ, అంతే.

జాగ్రత్తలు లేకపోలేదు. పునాదికి పది అడుగుల దూరం ఉండాలి. సెప్టిక్ ట్యాంకు మీద తవ్వకూడదు. ముందుగా అడుగు లోతు గుంత తీసి, నీళ్లు నింపి, ఎంతసేపట్లో ఇంకుతాయో చూసుకోవాలి. నల్లరేగడి అయినా, కింద రాయి తగిలినా మడిని మరింత వెడల్పు చేసి, పొర్లిన నీటికి దారి ఉంచాలి. దోమలొస్తాయన్న భయం సహజమే. దోమ గుడ్డు రెక్కలు తొడగడానికి వారం పైనే పడుతుంది. సరిగ్గా వేసిన మడిలో నీళ్లు రెండు రోజులకు మించి నిలవవు. వట్టివేరు, మెట్టతామర, నిమ్మగడ్డి ఇందుకు బాగా నప్పుతాయి.

ఇంకుడు గుంతలు ఉన్నాయి కదా అంటారు. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) 200 చదరపు మీటర్లు, ఆపైన స్థలాల్లో వాననీటి ఏర్పాట్ల గురించి చెప్పింది. గుంతలు తవ్వారు కూడా. చాలావాటిలో ఒండ్రు నిండింది, పైన బండ పరిచారు, ఆ తర్వాత ఎవరూ తెరిచి చూడలేదు. మడి అలా మరుగున పడదు. మొక్క వాడినా, నీళ్లు నిలిచినా మరునాడే కంటబడుతుంది. ఆ ఒక్క కారణానికైనా దీన్ని గుంతకు తోడుగా పెట్టాలి.

నిజమే, 2020 అక్టోబరు 13న హైదరాబాద్ శివారు ఘట్‌కేసర్ వైపు 30 సెంటీమీటర్లు దాటిన వానను ఏ పెరటి మడీ ఆపలేదు. అలాంటి రోజులకు చెరువులు, నాలాలే దిక్కు. కానీ ఏటా పదేపదే కురిసే మామూలు వానల భారాన్ని వాటి మీదనుంచి దించేది ఇలాంటి మడులే.

ప్రభుత్వం ఉపదేశంతో సరిపెట్టకూడదు. స్థలంలో కొంత భాగం గచ్చు లేని మట్టిగా ఉంటేనే నివాసయోగ్య పత్రం ఇవ్వాలి. డాబా పైపును మురుగు లైనుకు కలిపితే జరిమానా వేయాలి. మడి వేసి, నిలబెట్టుకున్న వారికి ఆస్తిపన్నులో రాయితీ ఇవ్వాలి. జర్మనీలోని అనేక నగరాలు గచ్చు, కప్పుల విస్తీర్ణాన్ని బట్టి వాననీటి రుసుము వసూలు చేస్తున్నాయి. ఇక్కడ పెద్ద వాణిజ్య భవనాలతోనైనా ఆ పద్ధతి మొదలుపెట్టాలి.

నైరుతి మేఘాలు జూన్‌లో వస్తాయి. వేసవి ముగిసేలోగా గేటు లోపల కొంత గచ్చు పగలగొట్టి మట్టిని బయటపెట్టండి.