లంగరూ, దాని తాడూ

ఇరవై యేళ్ళుగా క్లాసులో 'లంగరు' అన్న మాటకు నేను చెప్పే అర్థం ఒక్కటే: ఓడను కదలకుండా నిలిపే ఇనుప కొక్కెం. పారశీకంనుంచి వచ్చిన మాట అనీ, గురుద్వారాల్లో అందరికీ అన్నం పెట్టే వంటశాలకూ ఇదే పేరనీ కలిపి చెబితే పిల్లలు సంతోషిస్తారు. ఈలోగా గంట కొడతారు. అసలైన లంగరును చేత్తో ముట్టుకుని చూసింది మాత్రం మొన్న కాకినాడలో, మా అన్నయ్య ఇంటి వసారాలో.

అన్నయ్య అంటే మా పెదనాన్నగారి అబ్బాయి. ఉద్యోగం చాలించాక చేతికొచ్చిన సొమ్ములో సగం పెట్టి, కొడుకు కోసమని ఒక ఫైబరు బోటు కొన్నాడు. కాకినాడకు వచ్చే పెద్ద ఓడల్లో కొన్ని రేవులోకి రావు. దూరాన లంగరు వేసుకుని నిలబడతాయి. వాటికి కూరలూ, మంచినీళ్ళూ, మనుషులనూ చేరవెయ్యడం మావాడి పని. బోటు కొనేటప్పుడు అన్నయ్య ఇంజను గురించి నలుగురిని అడిగాడు. రంగు గురించి వదినను అడిగాడు. లంగరు గురించి మాత్రం ఎవరినీ అడగలేదు. కొలిమిలో కొట్టించిన నాలుగు కొక్కేల లంగరు, ముప్ఫయి కిలోలది తెచ్చి, "ఇది కదిలితే నా పేరు మార్చుకుంటా" అన్నాడట. తాడు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ముడుచుకున్నాడు. పదిహేను బారలు చాలన్నాడు. వాడినా వాడకపోయినా బోటులో చుట్టలు చుట్టుకుని పడివుండేదానికి డబ్బు తగలెయ్యడం ఎందుకని ఆయన వాదం.

కిందటి కార్తీకంలో ఒక రాత్రి, పొద్దున్నే ఓడ దగ్గరికి వెళ్ళాలి గదా అని, మావాడూ, సరంగూ, ఇంకో కుర్రాడూ నాలుగు బారల నీటిలో లంగరు వేసి పడుకున్నారు. అర్ధరాత్రి దాటాక తూర్పుగాలి లేచింది. మావాడికెందుకో మెలకువ వచ్చి చూస్తే, పడుకునేటప్పుడు ఎడమచేతి వైపున్న రేవుదీపం కుడిచేతి వైపుకు వచ్చింది. దీపం నడవదు గదా! నడుస్తున్నది బోటు. లంగరును ఈడ్చుకుంటూ రాతికట్ట మీదికి పోతోంది. సరంగు ఇంజను అందుకునేసరికి కట్టమీద విరిగే నురుగు కళ్ళకు కనిపిస్తోందట. తాడు లాగబోయిన మావాడి అరచేతుల్లో తోలు లేచిపోయింది. ఇంజను మొదటి తిప్పుకే అంటుకుంది కాబట్టి సరిపోయింది. వదిన ఆ మాట చెప్పేటప్పుడు ఇప్పటికీ మధ్యలో ఆగిపోతుంది.

అన్నయ్య నన్ను పిలిపించాడు. "ఒరేయ్, నువ్వు పుస్తకాలు తిరగేసేవాడివి. కదలని లంగరేదో చూసి చెప్పు. ఈసారి యాభై కిలోలది కొంటా" అన్నాడు.

నేను చూశాను. చూసినకొద్దీ నా క్లాసు అర్థం తప్పని తేలింది. లంగరు బరువుతో నిలపదు, కరిచి నిలుపుతుంది. నేలలో దిగబడాలంటే దాన్ని పక్కకు లాగాలి. పైకి లాగితే ఊడివస్తుంది. నిటారుగా వున్న పొట్టి తాడు చేసే పని అదే: అల వచ్చినప్పుడల్లా లంగరును పెళ్ళగించడం. అందుకే నీటి లోతుకు ఏడురెట్లు తాడు వదలమంటారు. ఆ లోతు కూడా నీటిమట్టంనుంచి కాదు, బోటు ముక్కునుంచి లెక్కపెట్టాలి. పోటుకు పెరిగే నాలుగైదు అడుగులూ కలపాలి. లంగరు దగ్గర కొన్ని బారలు ఇనుపగొలుసు వుంటే అది తన బరువుకు నేలమీద పడుకుని, లాగుడును వాలుగా వుంచుతుంది. మావాడి పదిహేను బారలూ లెక్కవేస్తే మూడురెట్లు దాటలేదు.

ఆకారం సంగతి ఇంకా తమాషా. కేంబ్రిడ్జిలో జెఫ్రీ టేలర్ అనే గొప్ప గణితశాస్త్రవేత్త వుండేవాడు. గాలీ నీరూ ఎలా కదులుతాయో లెక్కలు కట్టినవాడు, తెరచాప పడవంటే ప్రాణం. నీటిమీద వాలే విమానాలకు తేలికైన లంగరు కావలసివస్తే, 1933లో ఆయన చేసింది అచ్చం నాగలి! లాగినకొద్దీ కర్రు దిగబడుతుంది, లాగే దిక్కు మారితే కాడ దగ్గరి మడతబందు మీద తిరుగుతుంది. మన రైతు చూస్తే ఇందులో కొత్తేముంది అంటాడు కాబోలు. ఆ తరువాత అమెరికాలో డాన్‌ఫర్త్ అనే ఆయన రెండు వెడల్పాటి పారలు పక్కపక్కన బిగించినట్టుండే లంగరు చేశాడు. రెండో ప్రపంచయుద్ధంలో సైనికులను ఒడ్డున దింపే పడవలకు అది పనికివచ్చింది.

ఇదంతా నేను వసారాలో ఉపన్యాసంలా చెబుతుంటే సరంగు ఓపిగ్గా విని, "మేష్టారూ, ముందు కింద ఏముందో చూడాలండి" అన్నాడు. ఆయన దగ్గర ఒక సీసపు గుండు వుంది. దాని అడుగున సబ్బు మెత్తి తాడుతో నీటిలోకి వదులుతాడు. ఇసక వుంటే ఇసక అంటుకు వస్తుంది, బురదైతే బురద, రాయైతే ఏమీ రాదు. మా బోటు ఆగేచోట గోదావరి పాయలు తెచ్చిపోసిన మెత్తటి ఒండ్రు. అందులో సన్నటి కొక్కేలు పెరుగులో పుల్లలా కోసుకుపోతాయి. అవి రాళ్ళ సందుల్లో పట్టుకోవడానికి పుట్టినవి.

"మరి ముందే ఎందుకు చెప్పలేదయ్యా?" అని అన్నయ్య గదమాయించాడు.

"తమరు అడగలేదు గదండి, బాబూ" అన్నాడు సరంగు.

అన్నయ్య కాసేపు మాట్లాడలేదు.

చివరికి పారల లంగరే ఖాయం చేశాం. మెత్తటి బురదలో దాని పట్టే ఎక్కువ. పాతదానిలో సగం బరువు కూడా లేదు. పోటు తిరిగి పాటు పట్టేటప్పుడు బోటు అటునుంచి ఇటు తిరుగుతుంది గనక, ఇది ఊడి మళ్ళీ పట్టుకోకపోవచ్చుననీ, ఆ వేళకు ఒకడు మేలుకుని వుండాలనీ సరంగు షరతు పెట్టాడు. నాగలి లంగరైతే ఆ బాధ తక్కువ గాని ఈ ఒండ్రులో దానికి అంత పట్టు వుండదని మా ఇద్దరి అభిప్రాయమూ కలిసింది. నాలుగు కొక్కేలదాన్ని పారెయ్యనివ్వలేదు. రాళ్ళదగ్గర ఆగవలసివస్తే పనికొస్తుంది. అక్కడ ఇరుక్కుంటే వెనకనుంచి లాగి విడిపించడానికి దాని అడుగున ఒక సన్నతాడు కట్టించాం.

మర్నాడు జగన్నాథపురంలో గొలుసు అయిదు బారలూ, నైలాను తాడు ముప్ఫయ్యయిదు బారలూ కొన్నాం. నైలాను అయితే అల కుదుపుకు కాస్త సాగి, ఆ దెబ్బ లంగరుకు తగలనివ్వదు. బేరమాడబోయిన అన్నయ్య, కొడుకు అరచేతుల వైపు చూసి, నోరు మూసుకుని డబ్బు లెక్కపెట్టాడు.

సాయంత్రం తాడును పెరట్లో పరిచి, అయిదేసి బారలకు ఒక ఎర్రగుడ్డ కట్టడం మొదలుపెట్టాం. నేను చేతులు చాచి కొలుస్తుంటే వదిన వంటింటి గుమ్మంలోంచి, "మీరు పొట్టివారు మరిదిగారూ, మీ బార లెక్కకు రాదు" అంది. నిజమే. తాడు సరంగు చేతికిచ్చి, గుడ్డలు చింపే పని నేను తీసుకున్నాను.