గుంట కాడ కాపలా మనది, మీటరు ఎవరిది?

పోస్టు కాస్త పెద్దదే, తీరిగ్గా చదవండి.

ఈమధ్య మన గ్రూపులో ఒకే మాట మళ్లీ మళ్లీ వస్తా ఉంది. "మన జిల్లాకు కంపెనీలు రావాల, కొత్త టెక్నాలజీ రావాల, అప్పుడు మన బతుకులు మారతాయి" అని. మేము వెంకటాచలం దగ్గర హాస్టల్లో ఉండి డిగ్రీ చదివేవాళ్లం. మా ఇళ్లలో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ఆ మాటను మేము సగమే ఒప్పుకుంటాం. టెక్నాలజీ మన జిల్లాకు వచ్చి ముప్పై ఏళ్లు దాటింది. వచ్చింది ఎవరి చేతిదాకా వచ్చి ఆగింది అని ఎవరూ అడగట్లేదు.

రొయ్యల గుంటలనే తీసుకుందాం, మనలో సగం మంది ఇళ్లు వాటి మీదే గడిచాయి కాబట్టి. 1980ల చివర్లో టైగర్ రొయ్యతో మొదలైంది ఈ వ్యాపారం. ఎంపెడా వాళ్లు విశాఖపట్నం వైపు టాస్పార్క్ అనే హేచరీ పెట్టి పిల్లను తయారుచేసే పద్ధతి చూపించారు. మన నెల్లూరు జిల్లాలోనే నమూనా గుంటలు పెట్టి, ఏరేటర్లతో, కంపెనీ మేతతో ఎక్కువ పిల్లను ఎట్లా పెంచాలో చూపించారు. లాభం చూసినోళ్లంతా ఎగబడి తవ్వేశారు. 1994-95లో వైట్ స్పాట్ వచ్చింది, గుంటలకు గుంటలు ఖాళీ అయిపోయాయి. ఏరేటరు కొనొచ్చు, మేత కొనొచ్చు. జబ్బు లోపలికి రాకుండా కాసే పద్ధతీ, వచ్చిన రోజే గుర్తుపట్టే అలవాటూ దుకాణంలో దొరకవు కదా.

తర్వాత వనామీ. ఇది మన సముద్రం రొయ్య కాదు, మెక్సికో నుంచి పెరూ దాకా ఉండే పసిఫిక్ తీరానిది. 2003లో రెండు ప్రైవేటు సంస్థలకు ప్రయోగంగా ఇచ్చి, 2009లో అందరికీ అనుమతించారు. తల్లి రొయ్యలు హవాయి, ఫ్లోరిడా లాంటి చోట్ల నుంచి విమానంలో వస్తాయి. చెన్నై నీలాంకరైలోని క్వారంటైన్ కేంద్రంలో పరీక్ష అయ్యాకే హేచరీలకు పోతాయి. చదరపు మీటరుకు 60 పిల్లలకు మించకూడదు, పక్షులు వాలకుండా వల కట్టాల, పీతలు రాకుండా చుట్టూ కంచె వేయాల అని నిబంధనలు. పీత వైట్ స్పాట్ వైరస్‌ను మోస్తుంది కాబట్టి ఆ కంచె. (ఏ పోటుకు ఏ పీత ఎటు పాకుతుందో మన తాతలకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు? ఆ కంచె ఎక్కడ వేయాలో వాళ్లను అడిగినోళ్లు మాకు కనపడలేదు.) 2024-25లో మన దేశం నుంచి పోయిన సముద్ర ఉత్పత్తుల విలువ 62 వేల కోట్ల రూపాయలు దాటింది. అందులో రొయ్యలే 43 వేల కోట్ల పైన. రొయ్యల్లో మన ఆంధ్రానే ముందు.

ఇంత వచ్చింది కదా, మరి ఒకే హేచరీ పిల్ల, ఒకే కంపెనీ మేత, ఒకే రకం ఏరేటర్లు పెట్టిన రెండు గుంటల్లో ఒకరికి మిగిలి, పక్కనోళ్లకు ఎందుకు మునుగుతుంది? అదృష్టం అంటారు. మాకు లెక్కలు వచ్చు కాబట్టి లెక్క చెప్తాం. కిలో రొయ్యకు ఒక గుంటలో కిలో రెండొందల గ్రాముల మేత పట్టింది, ఇంకో గుంటలో కిలో ఆరొందల గ్రాములు పట్టింది అనుకోండి. ఐదు టన్నుల పట్టుబడికి ఒకాయన ఆరు టన్నుల మేత వేశాడు, రెండో ఆయన ఎనిమిది టన్నులు వేశాడు. తేడా రెండు టన్నులు, అంటే పాతిక కిలోల బస్తాలు ఎనభై. మొత్తం ఖర్చులో సగానికి పైగా మేతదే. ఆ ఎనభై బస్తాలే లాభం, ఆ ఎనభై బస్తాలే అప్పు. తేడా ఎక్కడ వచ్చిందంటే చెక్ ట్రే కాడ. ట్రేలో మేత ఎంత మిగిలిందో చూసి, రాసుకుని, తర్వాతి మేతను తగ్గించేవాళ్లు ఒకరు. చూడకుండా చల్లేవాళ్లు ఇంకొకరు.

ఇది మేమే కనిపెట్టింది కాదు. సంజయ లాల్ అని పాట్నాలో పుట్టి ఆక్స్‌ఫర్డ్‌లో చెప్పిన ఆర్థికవేత్త చాలా ఏళ్లు ఇదే రాశాడు. పేద దేశాల్లో కంపెనీ మిషను కొన్నంత మాత్రాన టెక్నాలజీ వచ్చినట్టు కాదు, దాన్ని నడిపి, మరమ్మతు చేసి, తన చోటుకు తగ్గట్టు మార్చుకునే శక్తిని లోపల పెంచుకోవాల అని. 1990లో కోహెన్, లెవింతల్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు దానికి దగ్గర మాటే చెప్పారు. బయటి విద్యను ఎంత పట్టుకోగలమనేది అప్పటికే లోపల ఎంత విద్య ఉందనేదాన్ని బట్టి ఉంటుంది అని. ముంబై చుట్టుపక్కల బట్టల మిల్లుల్లో జరిగిన ప్రయోగం ఒకటుంది, 2013లో అచ్చయింది. కొత్త మగ్గాలేమీ ఇవ్వలేదు. సరుకు లెక్క రాయడం, మిషన్లకు టైముకు రిపేరు చేయడం, నేల శుభ్రంగా ఉంచడం, తప్పు ఎక్కడొచ్చిందో రోజూ నోట్ చేయడం, ఇట్లాంటివే నేర్పించారు. మొదటి ఏడాదిలోనే ఉత్పాదకత 17 శాతం పెరిగింది.

ఇప్పుడు మన సంగతికి వస్తాం. గుంటలో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువుండేది తెల్లారుజామున. పగలు నీళ్లలోని నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే నాచు పీల్చేసుకుంటుంది. లీటరుకు నాలుగు మిల్లీగ్రాములకన్నా దిగితే ప్రమాదం మొదలు. ఆ మూడు, నాలుగు గంటల వేళ గుంట గట్టు మీద మేలుకొని ఉండేది ఎవరు? మన అమ్మానాన్నలు. రొయ్య అంచుకు వచ్చి తేలడం, నీళ్ల రంగు తిరగడం, ఏరేటరు శబ్దం మారడం, అన్నీ ముందు తెలిసేది వాళ్లకే. కానీ ఆక్సిజన్ మీటరు ఓనరు కారులో ఉంటుంది, లేదంటే వారానికోసారి వచ్చే టెక్నీషియన్ బ్యాగులో ఉంటుంది. "చదువు రానోళ్లకు మీటరు ఎందుకు" అంటారు. ఫోన్లో రీచార్జి అంకెలు చదివే మన అమ్మలు నాలుగుకు పైనా కిందా చదవలేరా?

ఇంకోటి, ఇది కాస్త చేదు. కాపలాకు పెట్టుకునేటప్పుడు అడ్వాన్సు ఇస్తారు. ఆ బాకీ తీరేదాకా కదిలే పని లేదు. వెట్టి చాకిరీ రద్దు చట్టం వచ్చింది 1976లో, మా ఇళ్లలో అడ్వాన్సు మాట ఇంకా నడుస్తానే ఉంది. బాకీలో ఉన్న మనిషి చెడ్డ కబురు చెప్పడానికి జంకుతాడు. "రెండు రొయ్యలు చచ్చి కనిపించాయి" అంటే తప్పు తన మీదకే వస్తుందని ఊరుకుంటాడు. పొద్దున్నే తెలియాల్సింది మూడు రోజుల తర్వాత తెలుస్తుంది. లక్షల పెట్టుబడి ఆ భయం దగ్గర మునుగుతుంది. అన్యాయం సంగతి అట్లా ఉంచండి, వ్యాపారంగా చూసినా ఇది తెలివితక్కువ పని.

చిన్న రైతుల పరిస్థితి కూడా మనకన్నా గొప్పగా లేదు. మేత అప్పు ఇచ్చేది డీలరే, మందు చెప్పేదీ డీలరే. అమ్ముకునేవాడే డాక్టరైతే ఇంకేముంది, అవసరం లేని మందులు గుంటలో పడతాయి. నిషేధించిన యాంటీబయోటిక్స్ ఆనవాళ్లు దొరికి మన సరుకు వెనక్కి వచ్చిన సందర్భాలు ఉన్నాయి. 2016లో యూరప్ వాళ్లు మన సరుకులో సగానికి పరీక్షలు పెట్టారు. 2025 ఆగస్టులో అమెరికా 50 శాతం సుంకం వేసినప్పుడు, కిలో రొయ్య ఎంతకు పండుతుందో లెక్క తెలియనోళ్లు ముందు గుంట ఎండబెట్టారు.

వస్తువు ఇచ్చి విద్య దాచడం దేశానికీ జరిగింది. మన శ్రీహరికోటలో ఎగిరే రాకెట్లకు రష్యా క్రయోజెనిక్ ఇంజన్లు ఇస్తామంది, తయారుచేసే విద్య కూడా ఇస్తామంది. 1993లో అమెరికా ఒత్తిడితో ఇంజన్లు మాత్రమే ఇచ్చింది. సొంతంగా చేసుకుని గెలిచేసరికి 2014 జనవరి అయింది. ఇరవై ఏళ్లు కష్టపడినందుకు గౌరవమే. అదే దీవిలో తరతరాలుగా ఉన్న మన యానాదులను లేపేసి ఆ కేంద్రం కట్టారని కూడా గుర్తుంది. దేశం విద్య అడిగింది, దాచినా పోరాడి నేర్చుకుంది. మనం మాత్రం కాపలా ఉద్యోగం అడుగుతూ ఉండిపోయాం.

అడిగితే ఏమవుతుందో ఇరుళ్ల అన్నలను చూడండి. పాముచర్మం వ్యాపారం ఆగిపోయాక, 1978లో చెన్నై దగ్గర వాళ్లు పాములు పట్టే సొసైటీ పెట్టుకున్నారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర పట్టి, విషం తీసి, మళ్లీ అడవిలో వదులుతారు. పాత విద్యకు కొత్త పద్ధతి కలిపారు, విషం తీయడం, ఎండబెట్టడం, లెక్క రాయడం. పాముకాటు మందు కంపెనీలు వాళ్ల దగ్గరే కొంటాయి. 2017లో ఫ్లోరిడా వాళ్లు అక్కడ ముదిరిన కొండచిలువలు పట్టడానికి ఇరుళ్లను పిలిపించుకున్నారు. పోయిన ఇద్దరికి, మాసి సడయన్, వడివేల్ గోపాల్‌లకు, 2023లో పద్మశ్రీ వచ్చింది. మనకు ఫ్లోరిడా నుంచి తల్లి రొయ్య వచ్చింది, ఫ్లోరిడాకు మనలాంటోళ్ల విద్య పోయింది! అయినా ఒక మాట. వాళ్లు అమ్మేది విషం, మందు చేసి అమ్మేది వేరే కంపెనీలు. పెద్ద లాభం ఇంకా పైనే ఉంది.

"గుంటల నుంచి బయటపడాలని చదువుతా ఉంటే మళ్లీ గుంటల గురించేనా" అని మా హాస్టల్లోనే కొందరు అన్నారు. న్యాయమే, అందరూ దీంట్లోకి రావాలని మేము అనట్లేదు. కానీ మనకు పక్కనే ముత్తుకూరులో ఫిషరీస్ కాలేజీ ఉంది, 1991 నుంచి. బైపీసీ చదివిన మన పిల్లలు ఎంతమంది అక్కడ దరఖాస్తు పెట్టారు? చెన్నైలో సిబా ఉంది, రొయ్య మేత తయారీ చిన్న మిల్లులకు నేర్పించింది. మన యానాదుల ఐటీడీఏ నెల్లూరులోనే ఉంది. అక్కడ వలలు, పడవలు అడుగుతాం, ఇస్తే ఫోటో దిగుతాం. ఈసారి వేరేది అడుగుదాం అంటున్నాం. కాపలా ఉన్న కుటుంబాలకు నీటి పరీక్ష, చెక్ ట్రే లెక్క, జబ్బు గుర్తులు తెలుగులో నేర్పించే పది రోజుల శిక్షణ, చివర్లో ఒక సర్టిఫికెట్, సొసైటీకి ఒక మీటరు, ఒక సూక్ష్మదర్శిని. అది చేతిలో ఉంటే జీతం మాట మాట్లాడేటప్పుడు గొంతు వేరుగా ఉంటుంది.

అర్జీ రాయడం మొదలుపెట్టాం. మీ ఊళ్లో గుంటల కాడ ఎన్ని కుటుంబాలు ఉన్నాయి, అడ్వాన్సు ఎంత, మీటరు ఎవరి దగ్గర ఉంది, ఈ మూడూ మాకు పర్సనల్‌గా పెట్టండి. పేర్లు వద్దు, ఊరు, మండలం చాలు. బైపీసీ అయిపోయిన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉంటే చెప్పండి, ఫిషరీస్ దరఖాస్తు ఎట్లా పెట్టాలో హాస్టల్లో కూర్చోబెట్టి చూపిస్తాం.