గుండె లయ మందు - కాలేయానికి చిక్కు

గుండె లయ తప్పి ఇంటెన్సివ్ కేర్ వార్డులో చేరిన రోగికి డాక్టర్లు తరచు ఎక్కించే మందు అమియోడరోన్. అడ్డదిడ్డంగా కొట్టుకునే గుండెను దారికి తేవడంలో దీనికి సాటి వచ్చే మందులు కొద్ది. అయితే గుండె కుదుటపడిందని బంధువులు ఊపిరి పీల్చుకునే వేళకు, రక్తపరీక్షలో కాలేయపు ఎంజైములు ఒక్కసారిగా పెరిగి కనిపించడం కద్దు.

1961లో బెల్జియంలో తయారైన ఈ మందును మొదట గుండెనొప్పికి వాడారు. బిళ్లలుగా వాడితే కాలేయానికి హాని సాధారణంగా నెలల మీద గాని తెలియదు. సూదిమందు సంగతి వేరు. ఒకటి రెండు రోజులలోనే బయటపడవచ్చు. విచిత్రమేమంటే, ఇక్కడ దోషం అసలు మందుది కాదేమో, దానిని కరిగించడానికి కలిపే పాలీసార్బేట్ 80ది కావచ్చునని నిపుణుల అనుమానం. సూది ఆపాక కోలుకుని, తర్వాత అదే మందును బిళ్లగా తట్టుకున్నవారున్నారు. 1983-84లో అమెరికాలో పాలీసార్బేట్లు కలిపిన విటమిన్ ఇ సూదిమందు నెలలు నిండని శిశువులకు ఇవ్వగా కొందరికి కాలేయం చెడింది. 38 మరణాలు దానితో ముడిపడ్డాయి. ఆ ద్రవం లేని అమియోడరోన్ సూదిమందుకు అమెరికా 2008లో అనుమతి ఇచ్చింది.

అలాగని నేరమంతా సూదిమీదకు నెట్టడమూ తొందరపాటే. బి.పి. పడిపోయి రక్తం అందకపోయినా కాలేయం దెబ్బతింటుంది, ఎంజైములు వేలల్లోకి పోతాయి. ఈ సూదిని వేగంగా ఎక్కించినా బి.పి. పడిపోవచ్చు. ఏది కారణమో తేల్చడం ఆరితేరిన డాక్టర్లకే కష్టం. మందు మొదలుపెట్టక ముందు చేసిన రక్తపరీక్ష ఉంటే కొంత దారి దొరుకుతుంది. ఎంజైములు మామూలు పరిమితికి మూడు రెట్లు దాటితే మోతాదు తగ్గించడమో, ఆపడమో ఆలోచించాలి. కాని ప్రాణం మీదకు తెచ్చే లయ ఉన్నవాడికి ఆపడమే పెద్ద గండం కావచ్చు. ఈ బేరీజు డాక్టరు వేసుకోవలసిందే.

పల్లె నుంచి రోగిని తెచ్చినవారు చేయగలిగిన సాయం ఒకటుంది. గతంలో వచ్చిన కామెర్లు, సారా అలవాటు, క్షయ బిళ్లలు, ఊళ్లో తాగించిన పసరు మందు - ఇవేవీ దాచకూడదు. పసరు సంగతి చెబితే డాక్టరు కోప్పడతాడని దాచేవారే ఎక్కువ.

ఇంటికి బిళ్లలు రాసి పంపితే, ఆరు నెలలకొకసారి కాలేయ, థైరాయిడ్ పరీక్షలు చేయించాలి. మానేసినా ఈ మందు నెలల తరబడి ఒంట్లో నిలుస్తుంది. రక్తం పలుచబరిచే బిళ్లలు కూడా వాడుతుంటే వాటి ప్రభావం పెరుగుతుంది గనుక, ఆ సంగతి ముందే చెప్పాలి. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగుకు తిరిగినా, బిళ్లలు తమంతట తాము మానకుండా ఆ రోజే డాక్టరుకు చూపించాలి.