మానేశాడా, ఆగిపోయిందా, మాన్పించారా?

జూన్, జూలై మాసాలు వచ్చాయంటే మన పట్టణాలలో కళాశాల ప్రవేశాల సందడి మొదలవుతుంది. ఫలానా వారి అమ్మాయికి ఇంజనీరింగులో సీటు వచ్చిందనీ, ఫలానా వారి అబ్బాయి బీకాంలో చేరాడనీ జుమా నమాజు తర్వాత మస్జిద్ ఆవరణలో చెప్పుకుని సంతోషిస్తాం. సముదాయ సంస్థలు సభలు జరిపి, మార్కులు తెచ్చుకున్న పిల్లలకు శాలువాలు కప్పుతాయి. మంచిదే. అయితే మూడేళ్లు గడిచాక, ఆ పిల్లలలో ఎందరు పట్టా చేతపట్టుకుని బయటికి వచ్చారు, ఎందరు దారిలో రాలిపోయారు అని విచారించే సభ మాత్రం మాకు తెలిసి ఎక్కడా జరగదు. చేరిన వారి లెక్క మనకు పండుగ. వెళ్లిపోయిన వారి లెక్క ఎవరికీ పట్టదు.

మన ఇళ్లలో ఈ విషయాన్ని చెప్పడానికి మూడు క్రియాపదాలు ఉన్నాయి. కొడుకు కళాశాలకు వెళ్లడం లేదంటే 'మానేశాడు' అంటాం. ఫీజు కట్టలేకపోతే 'చదువు ఆగిపోయింది' అంటాం. కూతురి విషయంలో 'మాన్పించాం' అంటాం. ప్రభుత్వ పత్రాలు ఈ మూడింటినీ కలిపి 'డ్రాపవుట్' అన్న ఒకే మాటలో మూటగడతాయి. ఆ మాటలో తప్పంతా విద్యార్థిదే అన్న ధ్వని ఉంది. మూడు క్రియలకూ కర్తలు వేరు. ఆ కర్తలెవరో తెలుసుకోకుండా ఏ పథకం రచించినా గుడ్డిదీపం వెలిగించినట్టే.

ముందుగా ప్రభుత్వ లెక్కలు చూద్దాం. 2006 నవంబరులో సచార్ కమిటీ నివేదిక వెలువడినప్పుడు, దేశంలోని అగ్రశ్రేణి కళాశాలల డిగ్రీ విద్యార్థులలో 25 మందికి ఒకరు, పీజీ విద్యార్థులలో 50 మందికి ఒకరు మాత్రమే ముస్లింలని తేలింది. ఆ తర్వాత పదిహేనేళ్లకు, అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం ఉన్నత విద్యలోని ముస్లిం విద్యార్థుల సంఖ్య 2019-20లో 21 లక్షలు ఉండగా 2020-21లో 19.21 లక్షలకు పడిపోయింది. అదే ఏడాది దేశం మొత్తం మీద విద్యార్థుల సంఖ్య 3.85 కోట్ల నుంచి 4.14 కోట్లకు పెరిగింది. 2021-22లో మన సంఖ్య మళ్లీ 21 లక్షలు దాటింది. అయినా జనాభాలో 14.2 శాతంగా ఉన్న సముదాయం వాటా ఉన్నత విద్యలో 5 శాతానికి చేరలేదు.

ఆ ఒక్క ఏడాదిలో తగ్గిన లక్షా డెబ్భై తొమ్మిది వేల మంది ఏమయ్యారు? కరోనా కాలంలో కొత్తగా చేరవలసిన వారు చేరలేదా, లేక చేరిన వారే వెళ్లిపోయారా? సర్వే జవాబు చెప్పదు. పాఠశాల స్థాయిలో ఏటా డ్రాపవుట్ శాతాలు ప్రకటించే ప్రభుత్వం, కళాశాల స్థాయిలో ఎంతమంది చేరారు, ఎంతమంది ఉత్తీర్ణులయ్యారు అని విడివిడిగా చెబుతుందే గాని, చేరిన బృందాన్నే వెంబడించి వారి గతి ఏమైందో చెప్పదు. అమెరికాలో 1990లోనే విద్యార్థి తెలుసుకునే హక్కు చట్టం వచ్చింది. ప్రతి కళాశాల తనలో చేరిన వారిలో ఎంత శాతం మంది పట్టా పొందారో బయటపెట్టాలని అది నిర్దేశించింది. శ్రీహరికోటలో రాకెట్టు లేస్తే దాని ప్రతి దశా ఏ సెకనుకు విడివడిందో లెక్క ఉంటుంది. ఆ రాకెట్టు వెలుగును మిద్దెల మీద నుంచి చూసే సూళ్లూరుపేట పిల్లలు ఏ సెమిస్టరులో విడివడిపోయారో మాత్రం ఎవరూ రాసుకోరు.

విద్యార్థులు కళాశాల ఎందుకు వదులుతారన్న ప్రశ్న మీద పాశ్చాత్య దేశాలలో అర్ధ శతాబ్దంగా పరిశోధన జరుగుతోంది. అది మనకెందుకు అనుకోవద్దు. అందులో మనకు పనికివచ్చేదీ ఉంది, మనకు సరిపడనిదీ ఉంది. ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త ఎమిలీ దుర్ఖైమ్ 1897లో ఆత్మహత్యలను అధ్యయనం చేసి, సమాజంతో మనిషికి ఉన్న బంధాలు సడలడం అందుకు ఒక కారణమని నిరూపించే యత్నం చేశాడు. 1970లో విలియం స్పేడీ ఆ తర్కాన్ని కళాశాల వదలడానికి అన్వయించాడు. 1975లో విన్సెంట్ టింటో దానిని ఒక సిద్ధాంతంగా మలిచాడు. చదువులో కుదురుకోవడం, తోటివారితో, అధ్యాపకులతో కలిసిపోవడం అనే రెండు ముడులు ఎంత గట్టిగా ఉంటే విద్యార్థి అంత నిలుస్తాడన్నది దాని సారం. 1987 నాటి గ్రంథంలో టింటో మరో ముఖ్య విషయం చెప్పాడు. కళాశాల వదిలిన వారిలో చదువు రాక బయటికి పంపబడిన వారు నాలుగో వంతుకు మించరు. మిగిలిన వారు తమంతట తామే వెళ్లారు. 'చదువు ఎక్కలేదు, మానేశాడు' అని తేల్చి చెప్పే మన పెద్దలు ఈ మాట దగ్గర కాస్త ఆగాలి.

అయితే టింటో చూసిన విద్యార్థి ఇల్లు విడిచి హాస్టలులో ఉండే అమెరికన్ యువకుడు. పాత లోకాన్ని వదలి కొత్త లోకంలో చేరడం ఒక సంస్కారం వంటిదని ఆయన భావించాడు. దీనిని 1992లో విలియం టియర్నీ గట్టిగా ఖండించాడు. అల్పసంఖ్యాక వర్గాల పిల్లలను తమ సంస్కృతి వదులుకుంటేనే ఇక్కడ నిలుస్తారని అనడం సిద్ధాంతం కాదు, అధికుల అహంకారమే అన్నది ఆ విమర్శ సారాంశం. ఈ వాదం పుస్తకాలలోనే ఉండిపోలేదు. పొరుగున కర్ణాటకలో 2022 ఫిబ్రవరి ఉత్తర్వు తర్వాత హిజాబ్ ధరించిన అమ్మాయిలు తరగతి గది బయట నిలబడ్డారు. కొందరు పరీక్షలకు దూరమయ్యారు, కొందరు టీసీ తీసుకున్నారు. మార్చి 15న హైకోర్టు ఆ నిషేధాన్ని సమర్థించింది. అక్టోబరు 13న సుప్రీంకోర్టు ధర్మాసనం భిన్నాభిప్రాయాలతో చీలిపోయింది. ఆ బాలికలు చదువు మానేశారని రాయడానికి మా కలం ఒప్పుకోదు.

సూళ్లూరుపేటకు దగ్గరగా వచ్చే పరిశోధన వేరొకటి ఉంది. 1985లో జాన్ బీన్, బార్బరా మెట్జ్నర్ ఇంటి నుంచే వచ్చిపోయే విద్యార్థులను, పనిచేస్తూ చదివే వారిని పరిశీలించి, వీరి విషయంలో కళాశాల లోపలి సంగతుల కంటే బయటి సంగతులే బలమైనవని చెప్పారు. ఇంటి బాధ్యతలు, పని గంటలు, డబ్బు, వెన్నుతట్టే మనుషులు. ఇవి అనుకూలిస్తే చదువులో కొంచెం వెనుకబడిన వాడు కూడా నిలుస్తాడు. ఇవి ఎదురుతిరిగితే మంచి మార్కులు వచ్చే వాడినీ కళాశాల నిలుపుకోలేదు.

ఈ అద్దంలో సూళ్లూరుపేటను చూడండి. చెన్నై, తిరుపతి, నెల్లూరు మూడూ 80 నుంచి 100 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరు ఇది. పట్టణంలో ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఉన్నా, కోరుకున్న కోర్సు కోసం వెళ్లవలసిన వారు తెల్లవారకముందే రైలు పట్టుకోవాలి. మెమూ రైలు ఆలస్యమైతే మొదటి పీరియడ్ పోతుంది. హాజరు 75 శాతానికి తగ్గితే ఫీజు పథకానికే ఎసరు. మరోవైపు తడ మండలం మాంబట్టులో పాదరక్షల కర్మాగారం, సత్యవేడు, వరదయ్యపాళెం మండలాలలో శ్రీసిటీ. అక్కడ సెల్‌ఫోన్లు, ఏసీలు, వాహనాలు తయారవుతున్నాయి. కంపెనీ బస్సులు ఊళ్లలోకే వచ్చి యువతీయువకులను ఎక్కించుకుంటాయి. అక్కడి చాలా పనులకు ఇంటర్ చాలు. డిగ్రీ రెండో ఏట బ్యాక్‌లాగులు మోస్తున్న పిల్లవాడికి, నెల తిరిగేసరికి చేతిలో పడే జీతం ఎలా కనిపిస్తుందో వేరే చెప్పాలా? ఆ పిల్లవాడిని మేము తప్పుపట్టం. తండ్రి మెకానిక్ షెడ్డులోనో, బిర్యానీ బండి దగ్గరో ఒంటరిగా మోస్తున్న బరువును తెలిసినవాడు వాడు. కానీ పట్టా లేకుండా ఆ లైనులో చేరిన వాడు ఏళ్లు గడిచినా లైను మీదే ఉంటాడు, పర్యవేక్షకుడి కుర్చీ పట్టా ఉన్న వాడికి పోతుంది. ఈ సంగతిని చేరేటప్పుడే వాడికి చెప్పే మనిషి ఉండాలి.

దీనికి భాష కూడా తోడైంది. 2021-22 నుంచి రాష్ట్రంలో డిగ్రీ కోర్సులన్నీ ఇంగ్లీషు మాధ్యమంలోకి మారాయి. ఉర్దూలోనో, తెలుగులోనో పన్నెండేళ్లు చదివిన పిల్లలు ఒక్క వేసవి సెలవుల తేడాతో అకౌంటెన్సీని, భౌతికశాస్త్రాన్ని ఇంగ్లీషులో వినవలసి వచ్చింది. ఇంగ్లీషు వద్దని మేము అనం. వంతెన కట్టకుండా ఏటికి అడ్డంగా నడవమన్నారన్నదే మా ఫిర్యాదు. మొదటి సెమిస్టరులో నోరు మెదపని పిల్లలు మందబుద్ధులు కారు, అడగడానికి భాష లేనివారు.

ఇక డబ్బు. రాజశేఖరరెడ్డి ప్రభుత్వ కాలంలో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంటు, 2007 చట్టం ద్వారా బీసీ-ఈ వర్గానికి లభించిన 4 శాతం రిజర్వేషన్, ఈ రెండూ కలిసి మన పిల్లలకు కళాశాల గేటు తెరిచాయన్నది నిజం. ఆ మేలును మరవకూడదు. కానీ పథకాల పేర్లు మారాయి, ప్రభుత్వాలు మారాయి, బకాయిలు మారలేదు. సొమ్ము రాలేదన్న నెపంతో కొన్ని ప్రైవేటు కళాశాలలు పరీక్ష ఫీజు దగ్గర, టీసీ దగ్గర విద్యార్థిని నిలదీస్తున్నాయి. అసలు సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోరాదని యూజీసీ 2018 అక్టోబరులోనే ప్రకటించింది. ఆ కాగితం మన తల్లిదండ్రులలో ఎందరి చేతికి అందింది? పై చదువుల సంగతి సరేసరి. సచార్ నివేదిక తర్వాత 2009లో వచ్చిన మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను కేంద్రం 2022 డిసెంబరులో నిలిపివేసింది. ఇక్కడ 'ఆగిపోయింది' అన్న క్రియకు కర్త ఎవరో స్పష్టమే.

ఆడపిల్లల విషయంలో మాత్రం వేలు మనవైపే చూపించుకోవాలి. డిగ్రీ రెండో ఏడాది వచ్చేసరికి సంబంధాలు మొదలవుతాయి. 'మిగతాది పెళ్లయ్యాక చదువుకుంటుంది' అని పెళ్లివారు తల ఊపుతారు. ఆ చదువు వంటింట్లో ముగుస్తుంది. బస్సు దిగి ఇంటికి రావడానికి చీకటి పడుతోందని మరికొందరిని మాన్పిస్తారు. భయం అబద్ధమని మేము అనం. అయితే బస్సు వేళ మార్చమని డిపో మేనేజరుకు పది మంది తండ్రులు కలిసి అర్జీ పెట్టడం, ఒక అమ్మాయి చదువును బలిపెట్టడం కంటే కష్టమైన పనా? చదువు పూర్తిచేయించే షరతును మాటల దశలోనే కుదుర్చుకుని నికాహ్‌నామాలో రాయించుకోవచ్చు. మెహర్ మొత్తం గురించి గంటలు చర్చించే పెద్దలకు ఇది రెండు వాక్యాల పని.

ఏం చేస్తే పిల్లలు నిలుస్తారన్నది కూడా ఊహ కాదు. న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయం 2007లో తన రెండేళ్ల కళాశాలల పేద విద్యార్థుల కోసం ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. ఫీజులో లోటు పూడ్చడం, పుస్తకాలు, తరచుగా కలిసే ఒక సలహాదారు, అన్నిటికీ మించి నగర రవాణా పాసు. లాటరీ పద్ధతిలో ఎంపికైన వారినీ, కానివారినీ పోల్చి చూస్తే, మూడేళ్లలో పట్టా పొందినవారు ఒక వైపు 40 శాతం, మరో వైపు 22 శాతం. జార్జియా స్టేట్ విశ్వవిద్యాలయం మరో దారి పట్టింది. చివరి చిన్న మొత్తం కట్టలేక పేరు కొట్టివేతకు గురయ్యే విద్యార్థులను ముందే గుర్తించి, వారు అడగకుండానే ఆ లోటు పూడ్చింది. లక్షలు ఖర్చుచేసి ఒకరిని చదివించడం కంటే, సరైన వారంలో కొద్ది వేలు అందించి ఎక్కువమందిని నిలపవచ్చునని తేలింది.

మన జకాత్ పంపిణీ తీరు దీనికి పూర్తిగా విరుద్ధంగా ఉంది. రంజాన్ మాసంలో సొమ్ము వసూలవుతుంది, రంజాన్ ముగిసేలోపు పంపిణీ అయిపోతుంది. పరీక్ష ఫీజు గడువు మాత్రం చాంద్రమానాన్ని చూసి రాదు. అర్హులైన విద్యార్థుల కోసం అందులో ఒక భాగాన్ని పక్కన పెట్టి, నవంబరులోనూ ఏప్రిల్‌లోనూ రైలు పాసుకు, పరీక్ష ఫీజుకు ఇచ్చే ఏర్పాటును ప్రతి పట్టణ జమాఅత్ చేయగలదు. ఏది ఏ విధంగా చెల్లుతుందో స్థానిక ఉలమాలను సంప్రదించి నిర్ణయించుకోవచ్చు. మస్జిద్‌కు అనుబంధంగా ఉన్న గదులు సాయంత్రాలు ఖాళీగా ఉంటాయి. కళాశాలలో చేరిన కొత్త పిల్లలకు మూడు నెలల పాటు ఇంగ్లీషు, అకౌంటెన్సీ చెప్పడానికి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు చాలు.

జాతీయ విద్యావిధానం 2020 ఒక ఏడాది చదివి వెళ్లిపోతే సర్టిఫికెట్, రెండేళ్లకైతే డిప్లొమా అంటోంది. మళ్లీ వచ్చి చేరే వీలుందని కూడా అంటోంది. కాగితం మీద ఇది ఉదారమైన ఏర్పాటే. పేదవాడి ఇంట్లో మాత్రం బయటికి తీసే తలుపు తేలిక, లోపలికి తీసే తలుపు బరువు. మధ్యలో వెళ్లిన వారిని 'నిష్క్రమించిన వారు' అని రాసేస్తే డ్రాపవుట్లు కాగితం మీదనుంచి మాయమవుతారు. అందుకే ఈ లెక్క ఇప్పుడే అడగాలి.

అవిభక్త నెల్లూరు జిల్లా కళాశాలల కోసం 2008లో ఏర్పడిన విక్రమ సింహపురి విశ్వవిద్యాలయాన్ని, మిగిలిన విశ్వవిద్యాలయాలను మేము కోరుతున్నది ఇది: ఏ సంవత్సరంలో చేరిన బృందంలో ఎందరు రెండో ఏటికి, ఎందరు మూడో ఏటికి వచ్చారో కళాశాలవారీగా, సముదాయం, స్త్రీపురుష భేదం చూపుతూ ప్రకటించండి. పేర్లు అక్కర్లేదు, అంకెలు చాలు. సమాచార హక్కు చట్టం కింద ఈ ప్రశ్న వేయడానికి పది రూపాయల రుసుము, ఒక తెల్లకాగితం సరిపోతాయి. సూళ్లూరుపేట, నాయుడుపేట, గూడూరు పట్టణాల మస్జిద్ కమిటీలు మరో పుస్తకం తెరవాలి. ఈ ఏడాది ఏ కళాశాలలో ఎవరు చేరారో అందులో రాసుకుని, మొదటి సెమిస్టర్ పరీక్షలకు ముందే ప్రతి ఇంటికీ ఒకసారి వెళ్లి రావాలి. తరగతులకు వెళ్తున్నావా, ఫీజు కట్టావా, ఏ సబ్జెక్టు అర్థం కావడం లేదు అని ఆ మూడు ప్రశ్నలూ విద్యార్థినే అడగండి, తండ్రిని కాదు.