కొఠియా కేసు తేలేదాకా జ్వరం ఆగదు

సాలూరు, కొమరాడ, భామిని, మందస మండలాల సరిహద్దు ఊళ్ల పెద్దలకు, ప్రజాప్రతినిధులకు, మలేరియా విభాగం అధికారులకు:

కొఠియా గ్రామాలు ఎవరివన్న తగవు 1968లోనే సుప్రీంకోర్టుకెక్కింది. 2021 ఫిబ్రవరిలో ఆంధ్ర అక్కడ పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా మళ్లీ కోర్టుకెళ్లింది. ఆ ఇళ్లల్లో రెండు రాష్ట్రాల రేషన్ కార్డులూ ఉన్నాయి. మేమిస్తామంటే మేమిస్తామని రెండు ప్రభుత్వాలూ పోటీ పడుతున్నాయి. పడనివ్వండి, జనానికి పోయిందేమీ లేదు. మలేరియా పనికి మాత్రం పోటీ చాలదు, పొత్తు కావాలి.

మన కొండల్లో చలిజ్వరం మోసేది ముఖ్యంగా పారే గెడ్డల అంచున పెరిగే అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ దోమ. గెడ్డకు ఇటు ఊళ్లో ఈ నెల మందు కొట్టి, అటు ఊళ్లో పై నెల కొడితే రెండు మందులూ దండగే. మనుషులూ ఒకచోట ఉండరు. సంతకీ, పెళ్లికీ, పోడుకీ అటూ ఇటూ తిరుగుతారు. పోడు కాపలాకి పాకలో పడుకున్నవాడిని ఇంటి గోడకు కొట్టిన మందు కాపాడుతుందా?

వైవాక్స్ రకం మలేరియాకి ప్రైమాక్విన్ 14 రోజులు మింగాలి. అయిదో రోజున రోగి అవతల చుట్టాలింటికి వెళ్తే మిగతా మాత్రలు మింగించేదెవరు? అక్కడి ఆశా దగ్గర అతని పేరే ఉండదు. కాలేయంలో దాగిన క్రిమి కొన్ని నెలలకు మళ్లీ లేస్తుంది. జ్వరమే లేకుండా ఒంట్లో క్రిమిని మోసేవాళ్లు ఇంకొందరు. వాళ్లను వెతకడానికే ఒడిశా 2017లో ‘దమన్’ మొదలుపెట్టి, మారుమూల ఊళ్లలో జ్వరం ఉన్నా లేకున్నా అందరికీ రక్తపరీక్ష చేసింది. పక్క రాష్ట్రాన్ని మెచ్చుకోవడం మనకు నామోషీ కావచ్చు గానీ, ఆ పని మన వైపూ జరగాలి.

చైనా తన యునాన్ సరిహద్దు దాటి మయన్మార్ వైపు కూడా మలేరియా పనికి సాయపడింది. 2021లో మలేరియా లేని దేశంగా గుర్తింపు పొందింది. మనవి రెండు దేశాలు కూడా కావు.

పార్వతీపురం, సీతంపేట ఐటీడీఏలు, కొరాపుట్, రాయగడ, గజపతి జిల్లాల యంత్రాంగాలు తొలకరికి ముందే ఒకచోట కూర్చోవాలి. గెడ్డకు రెండు వైపులా ఒకే వారంలో మందు కొట్టాలి. రోగి చేతికి తెలుగు, ఒడియా రెండింట్లో మాత్రల కార్డు ఇవ్వాలి. ఏ వైపు ఆశా అయినా దాన్ని చూసి మిగతా మాత్రలు ఇవ్వాలి. సరిహద్దు సంతల్లో కిట్లతో పరీక్షలు పెట్టాలి. 2027కల్లా స్థానిక కేసులు సున్నా చేస్తామన్నది దేశం పెట్టుకున్న గడువు.

గ్రామసభలో తీర్మానం చేసి రెండు వైపుల కలెక్టరేట్లకూ పంపండి. అందులో ఊరి పేరు రాయండి, రాష్ట్రం పేరు రాయకండి.