అది మనిషి నైజం కాదు

కరోనా మనుషుల అసలు రంగు బయటపెట్టిందన్న మాట మనలో పాతుకుపోయింది. కన్నవాళ్ల శవాన్నీ ముట్టుకోలేదనీ, అద్దెకున్న నర్సును ఇల్లు ఖాళీ చేయమన్నారనీ గుర్తుచేసి, ప్రాణం మీదికొస్తే మనుషులంతా ఇంతేనని తేల్చేస్తున్నారు. నేను ఒప్పుకోను. ఆనాడు మనం చూసింది టీవీ, ఫోను కలిసి రాత్రింబవళ్లు నూరిపోసిన భయాన్ని.

2020 ఫిబ్రవరిలో చిత్తూరు జిల్లా తొట్టంబేడు మండలంలో ఒకాయన ఆత్మహత్య చేసుకున్నాడు. ఆయనకు కరోనా లేదు. ఫోనులో వీడియోలు చూసి చూసి తనకొచ్చిన జ్వరం అదేనని నమ్మాడు. తన వల్ల అంటుకుంటుందని ఇంట్లోవాళ్లను దగ్గరికి రానివ్వలేదు. ఆంధ్రప్రదేశ్‌లో మొదటి కేసు నెల్లూరులో తేలింది మార్చి 12న. రోగం జాడ తెలియకముందే దాని భయం ఒక ప్రాణం తీసింది. ఇందులో స్వార్థమెక్కడ? తనవాళ్లను కాపాడుకోవాలన్న ఆరాటమే ఉంది. దాన్ని పెడదారి పట్టించినవి ఆ వీడియోలు.

ఆ తర్వాత ఢిల్లీలోని నిజాముద్దీన్ మర్కజ్, తబ్లీగీ జమాత్ అనే ముస్లిం ప్రచార సంస్థ కేంద్రం. అక్కడ జనం గుమిగూడడం ప్రమాదమే, రోగం పాకిన మాటా నిజమే. అది చెప్పడం విలేకరుల పని. కానీ రోజువారీ లెక్కల్లో ఆ కేసులను విడిగా చదివారు. కొన్ని చానళ్లు ‘కరోనా జిహాద్’ అని పేరు పెట్టాయి. రోగానికి మతం అంటగట్టాక, కూరగాయల బండి మనిషిని పేరడిగి వెనక్కి పంపడానికి ఎంతసేపు? ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి విదేశీ తబ్లీగీలపై కేసులు కొట్టేస్తూ, వాళ్లను బలిపశువులను చేశారంది, మీడియా ప్రచారాన్ని తప్పుపట్టింది. ఒక వర్గం మీడియా ప్రతిదానికీ మతం రంగు పులుముతోందని 2021 సెప్టెంబరులో నాటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ అన్నారు. అప్పటికి ఏడాదిన్నర గడిచింది. విషం ఎక్కాల్సినంత ఎక్కింది.

భయపెట్టకపోతే జనం మాస్కు పెట్టుకునేవారా అని అడుగుతారు. జాగ్రత్త చెప్పడం వేరు, బెదరగొట్టడం వేరు. బెదిరినవాడు రోగాన్ని దాస్తాడు. గుమ్మానికి నోటీసు అంటిస్తారని, వీధి వెలివేస్తుందని జ్వరం సంగతి పైకి చెప్పనివాళ్లు ఏ ఊళ్లో లేరు? అధికారుల ప్రత్యేక ఆదేశం లేనిదే ఆ నోటీసులు అంటించకూడదని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పాల్సివచ్చింది. పోరాడాల్సింది రోగంతో, రోగితో కాదని ఫోను చేసినప్పుడల్లా కాలర్ ట్యూన్ వినిపిస్తుండగానే, టీవీలో రోగిని దొంగలా అంబులెన్సు ఎక్కించే దృశ్యం తిప్పితిప్పి వేశారు.

మనిషి నైజమే అంతయితే, ఆ ఎండాకాలం లాక్‌డౌన్‌లో హైదరాబాద్ శివారు మేడ్చల్ దారిన ఉత్తరాదికి నడిచిపోతున్న కూలీలకు అన్నం పొట్లాలు, చెప్పులు ఇచ్చిందెవరు? ఇచ్చినవాళ్లకూ రోగమంటే భయమే. నడిచొచ్చేవాళ్లలో ఎవరికి ఏముందో తెలియదు. అయినా రోడ్డు మీదికొచ్చారు. అక్కడ వాళ్లకు కళ్లెదుట కనిపించింది కేసుల లెక్క కాదు, పిల్లల్ని భుజాన వేసుకున్న తల్లిదండ్రులు. టీవీ కూడా ఆ కూలీలను అలాగే చూపించింది. మర్కజ్ నుంచి వచ్చినవాళ్లనూ అలా చూపించడం దాని చేతిలో పనే.