పాటను దిద్దే చేతులకు

ఈమధ్య విశాఖ చేపలరేవు దగ్గర మేం పెట్టుకున్న శిక్షణా తరగతిలో 17 ఏళ్ళ అమ్మాయి తను రాసిన ర్యాప్ పాట వినిపించింది. తల్లి నెత్తిమీది గంపలోంచి ఐసునీళ్ళు మెడమీదుగా వీపుకి కారడం, ఐసు కరిగేకొద్దీ బేరం పడిపోవడం, అంతే పాట. మన కార్యకర్త ఒకామె లేచి, "బాగుందమ్మా, కానీ ఇందులో సాధికారత ఏదీ? చివర రెండు ముక్కలు చేర్చు" అంది.

నా గొడవ ఆ రెండు ముక్కలతోనే.

ర్యాప్ గురించి మనలో రెండే అభిప్రాయాలున్నాయి. అది కుర్రకారు కూత, సాహిత్యం కాదన్నది ఒకటి. మన నినాదాన్ని దరువుమీద పెడితే చాలునన్నది రెండోది. రెండూ పాటను అవమానించేవే. 1973 ప్రాంతంలో న్యూయార్క్ బ్రాంక్స్ పేటల్లో నల్లజాతి యువత మొదలుపెట్టిన ఈ కళకు, 2018లో గానీ కెండ్రిక్ లామార్ ద్వారా పులిట్జర్ బహుమతి దక్కలేదు. (అదీ సంగీతానికే లెండి, రచనకు కాదు!)

అంతదూరం ఎందుకు? ఇక్కడి షిప్‌యార్డులో పనిచేసిన వంగపండు ప్రసాదరావు గారున్నారు. 'ఏం పిల్లడో ఎల్దమొస్తవ' అన్న పిలుపును 'వెళ్దాం వస్తావా' అని దిద్ది చూడండి. దరువు విరుగుతుంది. పిలిచే మనిషి మాయమై ఉపన్యాసకుడు మిగులుతాడు. ఉత్తరాంధ్ర యాస అక్కడ అలంకారం కాదు, పాట నడకే అది. 2020లో ఆయన కన్నుమూసినప్పుడు గొంతును, గజ్జెలను పొగిడాం. ఆ మాటల కూర్పును రచనగా చదివినవాళ్ళం ఎందరం?

అలాగని ర్యాప్‌కంతటికీ దండం పెట్టమనడం లేదు. ప్రాస కుదిరిందని ఆడవాళ్ళను తిట్టే పాటలు బోలెడున్నాయి. అవి స్త్రీలకు అవమానం మాత్రమే కాదు, చేతగాని రాత కూడా. చెప్పడానికేమీ లేనివాడి చేతికి ముందుగా అందేది తిట్టే. దానిమీద నోరు విప్పిందీ ర్యాప్ పాడే స్త్రీయే. 1993లో క్వీన్ లతీఫా 'యూనిటీ' పాట పుట్టింది అందుకే.

మన అమ్మాయి ఐసుకూ పైసకూ ప్రాస కట్టింది. ఒకటి కరిగితే రెండోదీ కరుగుతుంది. ఊపిరి తీసుకోవలసిన చోటల్లా గంప దించినట్టు ఆగింది. గంప దించుకోవడానికి నీడ లేదన్న సంగతి ఆ ఆగడంలోనే ఉంది. ఇంకా ఏ హక్కు చేర్చమంటారు? ఏ మాట తీసేసి చేర్చమంటారు?

మన పాటల పుస్తకం త్వరలో అచ్చుకు వెళుతోంది. ఆ పాటను దిద్దకుండా వేయండి. కింద ఆ అమ్మాయి పేరు వేయండి. మన అమ్మమ్మల దంపుళ్ళ పాటలకు పేర్లు లేకుండా చేసింది చాలు.